తాడు మీది పసుపు దుప్పటి

కిందటి వారం రైలు గేటు కాసే గేటాయన భార్యని, అదే మన గేటావిడని, స్టేషన్ మాస్టరు గది గుమ్మంలో నిలబెట్టి వెళ్ళిపోయాం. పాపం, వారం రోజులుగా అక్కడే ఉంది. చేతిసంచిలో ఆ కాగితం కూడా అలాగే ఉంది. లాంతరు నూనె డబ్బా వెనక దొరికిన కాగితం, అరవై మూడో నంబరు కొట్టెయ్యని కాగితం. ఇవాళే ఈ కథ చేతిలోకి తీసుకున్నవారికి నాలుగు ముక్కలు చెప్పి లోపలికి వెళదాం.

ఈ ఊరికి రైలే దిక్కు. రెండు వీధులు, నాలుగు ధాన్యం గోదాములు, ఇంజన్లకి నీళ్ళు పట్టే కాలం నాటి ఎత్తయిన ట్యాంకు, ఆ తర్వాత అంతా మైదానం. ఎంత చదునైన నేల అంటే, అర మైలు అవతల గేటు దగ్గర గేటాయన తల గోక్కుంటే స్టేషన్లోంచి కనిపిస్తుంది. రైలు వచ్చే ముందు స్టేషన్ మాస్టరు గేటుకి ఫోన్ చెయ్యాలి. గేటాయన గేటు వేసి, తన దగ్గరున్న అచ్చు కాగితంలోంచి ఒక నంబరు చదివి చెప్పాలి. చెప్పిన నంబరుని కాగితం మీద కొట్టెయ్యాలి. మాస్టరు దాన్ని తన పుస్తకంలో రాసుకున్నాకే, బండి రావచ్చని సిగ్నలు దించాలి. నంబరు వచ్చిందంటే గేటు పడిందని అర్థం.

పదిహేను రోజుల కిందట పట్టికలో లేని గూడ్సు బండి ఒకటి, గేటు తీసి ఉండగా దూసుకొచ్చింది. పట్టాలు దాటుతున్న సోడా తాతనీ అతని తోపుడు బండినీ ఈడ్చుకుపోయింది. ఆ ఊళ్ళో సోడా తాత చేతి సోడా తాగని మనిషి లేడు. స్టేషన్ పుస్తకంలో ఆ బండికి ఎదురుగా అరవై మూడు అని రాసి ఉంది. ఇంకేం, గేటు వేశానని నంబరు చెప్పి గేటాయన నిద్రపోయాడని ఊరు తీర్పు చెప్పేసింది. తాగి పడుకున్నాడని కొందరు, తాగకపోయినా పడుకున్నాడని కొందరు. ఆయన మాత్రం ఒకటే మాట అంటున్నాడు, "ఫోను మోగలేదు, నేను కన్ను మూయలేదు" అని. వినేవాడు లేడు. ఆరో రోజున వెళ్ళి పట్టాల మీద కూర్చున్నాడు. గేటావిడ చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. "మీ తప్పు లేదని పదిమందిలో రుజువు చేసి చూపిస్తాను. అందాకా నాలుగు ముద్దలు తిని కూర్చోండి" అని మాటిచ్చింది. ఆ మాట మీదే ఆయన తొమ్మిది రోజులుగా బతుకుతున్నాడు.

స్టేషన్ మాస్టరు పరాయివాడు కాడు, ఆవిడ తోడబుట్టిన అన్న. ఇదే ఈ కథలోని పెద్ద చిక్కు.

"రా, తలుపు వెయ్యి" అన్నాడు అన్న, తలెత్తకుండా. బల్ల మీద టీ గ్లాసులో మీగడ కట్టింది. పొద్దున్న తెచ్చిన టీ అయ్యుంటుంది. పక్కనే పిడి తిప్పి మాట్లాడే ఫోను, దాని కింద ఆ పుస్తకం. పక్కగదిలో పై నుంచి వచ్చిన విచారణాధికారి, స్టేషన్లో పట్టాలు మార్చే పాయింట్ల మనిషిని కూర్చోబెట్టుకుని గంట సేపటి నుంచి ప్రశ్నలు వేస్తున్నాడు. గోడ ఇవతలికి మాటలు రావడం లేదు గానీ మధ్యమధ్య దగ్గు వినిపిస్తోంది.

"అన్నయ్యా, అరవై మూడు నీకెవరు చెప్పారు?"

"పుస్తకంలో ఉందిగా."

"పుస్తకంలో రాసింది నువ్వు. మా ఆయన చెప్పలేదు. చెప్పుంటే కొట్టేసేవారు. ఇదిగో చూడు." కాగితం తీసి టీ గ్లాసు పక్కన పరిచింది. అరవై రెండు కొట్టేసి ఉంది. అరవై నాలుగు కొట్టేసి ఉంది. మధ్యలో అరవై మూడు శుభ్రంగా ఉంది.

అన్న కాగితం కేసి చూశాడు. తర్వాత మెల్లగా అన్నాడు, "ఆ నంబరు నాకు ఇచ్చింది నువ్వే కదమ్మా."

ఇక్కడ నేను మీ ముందు చెంపలేసుకోవాలి. ఇన్ని వారాలుగా ఒక సంగతి మీకు చెప్పకుండా దాచాను. గేటావిడ కూడా దాచింది కాబట్టి నా ఒక్కడి మీదే కోప్పడకండి.

గేటుకీ స్టేషన్‌కీ మధ్య ఉన్న ఫోను తీగ గాలి వీస్తే చాలు మూగపోతుంది. మైదానంలో గాలి వీయని రోజు ఏది? బాగు చేయించమని మాస్టరు పదకొండు ఉత్తరాలు రాశాడు. "తగు చర్య తీసుకొనబడును" అని పదకొండు జవాబులు వచ్చాయి. రైళ్ళు మాత్రం జవాబుల కోసం ఆగవు కదా. అందుకని మూడేళ్ళ కిందట అన్నాచెల్లెళ్ళు ఇద్దరూ వంటింట్లో కూర్చుని ఒక ఏర్పాటు చేసుకున్నారు. కొత్త నంబర్ల కాగితం వచ్చినప్పుడల్లా గేటావిడ అందులోంచి ఓ పది నంబర్లు చీటీ మీద రాసి అన్నకి ఇస్తుంది. ఫోను పనిచెయ్యని రోజున పాయింట్ల మనిషి ట్యాంకు నిచ్చెనెక్కి తెల్లగుడ్డ కడతాడు. గేటావిడ అది చూసి గేటు వేసి, గుడిసె ముందు తాడు మీద పసుపు దుప్పటి పరుస్తుంది. ఎరుపూ ఆకుపచ్చా రైల్వే వాళ్ళవి, పసుపు మన ఇంటిది అని అప్పట్లో నవ్వుకున్నారు కూడా. స్టేషన్లోంచి పసుపు కనబడగానే మాస్టరు చీటీలోంచి ఒక నంబరు పుస్తకంలో రాసి సిగ్నలు దించుతాడు. సాయంత్రం ఆవిడ ఆ నంబరు అడిగి తెలుసుకుని కాగితం మీద కొట్టేస్తుంది. మూడేళ్ళలో ఒక్క పొరపాటు జరగలేదు. జరగకపోవడమే వాళ్ళ కొంప ముంచింది.

గేటాయన ఉండగా ఇదంతా గేటావిడ చెయ్యడమేమిటని మీరు అడగొచ్చు. ఆయన కళ్ళకి పొర కమ్మి నాలుగేళ్ళయింది. ఏటా జరిగే కంటి పరీక్షలో గోడ మీది అక్షరాల అట్ట ఎలా ఉంటుందో మాస్టరు ముందే రాసి తెచ్చేవాడు. ఆవిడ ఎక్కాలు నేర్పినట్టు పై నుంచి కింది దాకా వల్లె వేయించేది. ఆయన డాక్టరు ముందు నిలబడి గడగడా అప్పజెప్పి వచ్చేవాడు. తిలా పాపం తలా పిడికెడు.

"చీటీ నేనే ఇచ్చాను. కాదనను" అంది గేటావిడ. "కానీ దుప్పటి కనబడితేనే కదా నువ్వు నంబరు రాయాల్సింది? దుప్పటి లేకుండానే రాసేశావు. తొందర పడ్డావు. తప్పు నీది, నింద ఆయనకి. పదిహేను రోజులుగా మా గడప తొక్కలేదు, ఎదురైతే తల తిప్పుకు పోయావు. అన్నవేనా నువ్వు?"

"దుప్పటి చూశాను."

"అబద్ధం."

"నా పిల్లల మీద ఒట్టు. చూశాకే దించాను. తెల్లగుడ్డ కట్టించి అటు తిరిగేసరికే పసుపు రంగు ఊగుతోంది. ఎంత చురుకు మా చెల్లెలు అనుకున్నాను." అన్న టీ గ్లాసు పక్కకి జరిపాడు. "నువ్వు దుప్పటి పరిచి గేటు వెయ్యడం మరిచిపోయావనుకున్నానమ్మా. ఈ పదిహేను రోజులూ నీ పేరు బయటికి రాకూడదనే నోరు మూసుకున్నాను. నీ ఇంటికొస్తే నా మొహం చూసి నీకు తెలిసిపోతుందని రాలేదు. నీకు బదులు బావ మీదికి పోతే పోనీ అనుకున్నాను. అంత నీచానికి దిగాను."

గేటావిడకి నవ్వు వచ్చింది. ఏడవలేక వచ్చే నవ్వు. "నేను ఇంట్లోనే లేను! ఆయన కంటి మందు అయిపోతే తెల్లారకుండానే ధాన్యం లారీ ఎక్కి ఆస్పత్రికి పోయాను. నీకు చెబుదామని ఫోను తిప్పాను, పలకలేదు. ఒంటిగంట దాకా బండి లేదు కదా, ఈలోగా వచ్చేస్తాననుకున్నాను. నేను లేని ఇంట్లో దుప్పటి ఎవరు పరుస్తారు? అది లోపల మేకుకి వేలాడుతూ ఉంటుంది."

"నాకేం తెలుసు? నేను చూసింది చెబుతున్నాను. పసుపు దుప్పటి. దాని పక్కన రెండు ఖాకీ చొక్కాలు, ఒకటి తలకిందులుగా. చివర ఓ దిండు గలీబు. ఉతికిన బట్టల పక్కనే పరిచిందే అనుకున్నాను. అంతకు మించి ఆలోచించలేదు."



రెండు ఖాకీ చొక్కాలు, ఒక దిండు గలీబు. ఆ బకెట్టు ఆవిడకి కళ్ళముందు కనిపించింది. ముందురోజు గాలిదుమ్ముకి కిటికీ రెక్క విరిగితే అడ్డంగా కట్టింది ఆ పసుపు దుప్పటినే. అది మట్టి కొట్టుకుపోయింది. రాత్రి నానబెట్టి, తెల్లవారుజామున ఉతికి, నీళ్ళు పిండేసి బకెట్లో వేసింది. ఆ దుప్పటిని ఎప్పుడు ఉతికినా తాడు మీద వెయ్యదు. లోపల మంచం కోళ్ళకి కట్టి ఆరబెడుతుంది. ఆ రోజు కట్టబోతుండగా రోడ్డు మీద ఏదో ధాన్యం లారీ హారన్ వినిపించింది. వచ్చాక చూద్దాంలే అని బకెట్టు గుమ్మం పక్కన పెట్టి పరిగెత్తింది. మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి గేటు దగ్గర జనం, ఏడుపులు, పగిలిన సోడా సీసాలు. సాయంత్రం ఇరుగుపొరుగు ఆడవాళ్ళు ఎవరో బట్టలు తెచ్చి మంచం మీద పడేశారు. ఆవిడ ఒక్కొక్కటే మడత పెట్టింది. పసుపు దుప్పటిని తీసి మేకుకి తగిలించింది కూడా. మనసు ఎక్కడో ఉంది, చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి.

ఎవరు ఆరేశారో అడగాల్సిన పని లేదు. ఆ పూట ఇంట్లో ఉన్నది ఒక్క మనిషి. పెళ్ళయ్యాక ఒక్కనాడు బట్టలు ఆరేసి ఎరగని మనిషి. ముందురోజంతా ఆవిడ నడుము పట్టేసి మూలిగితే విన్నాడు. బకెట్టు తడిమి చూసుకుని, పోనీ ఈ కాస్త పనీ తగ్గిద్దామనుకున్నాడు. చేతికి దుప్పటి తగిలింది. ఏ దుప్పటో కళ్ళు చెప్పలేదు.

గేటావిడ కుర్చీలో కూలబడింది. నాకు ఆవిడ మీద ఎంత జాలి వేసిందో చెప్పలేను. ఎదుటివాడి మెడ చుట్టూ వెయ్యడానికి తాడు పేనుకుంటూ వచ్చింది, చూస్తే అది తన ఇంటి ముందు కట్టుకున్న తాడే. అన్న దోషి కాడు. గేటాయన నిద్రపోలేదు. ఇద్దరూ నిజమే చెప్పారు. ఆ రెండు నిజాలనీ కలిపితే సోడా తాత చచ్చిపోయాడు.

"మా ఆయనే" అంది, తనకి తనే చెప్పుకుంటున్నట్టు. "ఆయనే ఆరేశారు అన్నయ్యా. ఆయనకి తెలీదు."

అన్నకి అర్థం కావడానికి కాస్త టైము పట్టింది. అర్థమయ్యాక లేచి కిటికీ దగ్గరికి పోయి, అటు తిరిగి నిలబడ్డాడు.

"ఇప్పుడేం చేద్దాం?" అంది.

"నేనొకటి చెబుతాను, తిట్టకుండా విను. బావ చేత నిద్రపోయానని ఒప్పించు. ఉద్యోగం పోతుంది. ఏడాదో ఆర్నెల్లో లోపల ఉండి వస్తాడేమో. నిజం బయటపడితే నేనూ పోతాను, నువ్వూ పోతావు, దొంగ కంటి పరీక్షకి బావ మళ్ళీ పోతాడు. పిల్లల్ని చూసేవాళ్ళు ఉండరు."

"పట్టాల మీద కూర్చున్న మనిషిని లేపి తీసుకొచ్చాను అన్నయ్యా. మీ తప్పు లేదని చెప్పి తీసుకొచ్చాను. పోని నిద్ర పోయానని ఒప్పుకోమంటే ఆయన నా మొహాన నవ్వుతారు. అసలు సంగతి చెబితే..." ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారు. ఆవిడకి నాలుగు వైపులా నుయ్యే.

"ఆయనకి తెలియకూడదు" అంది చివరికి. "ఇంకేమైనా కానీ. అది మాత్రం తెలియకూడదు. దుప్పటి నేనే పరిచానని చెబుతాను. పరిచి గేటు మరిచిపోయానంటాను. ఇన్నాళ్ళూ నువ్వు అనుకుందే కదా, అదే నిజమైపోనీ."

"నువ్వు ఊళ్ళో లేవని లారీ వాడికి తెలుసు కదే."

"వాడు ఎవరో నాకు తెలీదు, నేనెవరో వాడికి తెలీదు. పై ఊరి లారీ."

అన్న కాదనబోయాడు. ఈలోగా పక్కగది తలుపు తెరుచుకుంది. పాయింట్ల మనిషి బయటికొచ్చాడు. నేల చూపులు చూస్తూ మాస్టరు ముందు చేతులు జోడించాడు. "నా వల్ల కాలేదండీ. ట్యాంకు మీద కట్టిన తెల్లగుడ్డ గురించి అడిగితే చెప్పేశాను. దుప్పటి సంగతి కూడా" అన్నాడు. అతని వెనకాలే విచారణాధికారి వచ్చాడు. బక్కపలచని మనిషి. అరిచే రకం కాదు, ఏదైనా మెత్తగా అడుగుతాడు. అలాంటి వాళ్ళ ముందే అబద్ధమాడటం కష్టం.

"అందరూ ప్లాట్‌ఫారం మీదికి రండి" అన్నాడు.

గేటాయన బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. పొద్దున్న భార్య తొడిగిన ఖాకీ చొక్కా, పై గుండీ దాకా పెట్టి ఉంది. ఆవిడ అడుగుల చప్పుడు విని మొహం అటు తిప్పాడు. ఇవాళ తన తప్పు లేదని తేలిపోతుందని నమ్మకంగా ఉన్నాడు. తొమ్మిది రోజుల తర్వాత ఆ మొహంలో కాస్త వెలుగు కనిపించింది ఆవిడకి.

"గేటాయనా, ఇలా వచ్చి నిలబడండి. ఎదురుగా ట్యాంకు నిచ్చెన మీద ఏం కట్టి ఉందో చెప్పండి" అన్నాడు అధికారి.

అధికారి చెబితే పాయింట్ల మనిషి అప్పుడే ఎక్కి కట్టిన తెల్లగుడ్డ గాలికి టపటపా కొట్టుకుంటోంది. గేటాయన కాసేపు అటు చూశాడు. ఏదో ఒకటి చెప్పేస్తాడని అందరూ అనుకున్నారు. చెప్పలేదు.

"గుడ్డ చప్పుడు వినబడుతోంది సార్. రంగు తెలీదు. ట్యాంకే కనపడదు నాకు."

"ఎన్నాళ్ళ నుంచి?"

"నాలుగేళ్ళయింది. మా ఆవిడ కళ్ళతోనే లాక్కొస్తున్నాను. దాచడం తప్పే, దానికి ఏ శిక్ష వేసినా సరే. కానీ సోడా తాత ప్రాణం మాత్రం నా మీద వెయ్యకండి సార్. నేను నిద్రపోలేదు. బండి చప్పుడు వినబడగానే గేటు వైపు పరిగెత్తాను. ఎదురుగాలి, చప్పుడు ఆలస్యంగా అందింది. అంతే." ఇంత చెప్పాక ఆయన భుజాలు తేలికపడ్డాయి.

అధికారి గేటావిడ వైపు తిరిగాడు. "ఆ రోజు మీ తాడు మీద పసుపు దుప్పటి ఉంది. ఇక్కడ ఇద్దరు చూశారు. గేటు వేశామని దానికి అర్థమట. ఎవరు పరిచారమ్మా?"

"నేనేనండి" అంది. "పరిచి, గేటు వెయ్యడం మరిచిపోయాను. ఆయనకేం తెలీదు. రాసుకోండి."

అన్న కళ్ళు మూసుకున్నాడు. అధికారి కలం తీశాడు.

"ఆగండి సార్" అన్నాడు గేటాయన. ఒకడుగు ముందుకొచ్చాడు. భార్య తనని కాపాడటానికి ఊబిలోకి దిగుతోందని ఆయనకి తెలిసిపోయింది. "మా ఆవిడ భయపడి చెబుతోంది. రాయకండి. ఆ రోజు అది ఊళ్ళోనే లేదు, నా మందు కోసం పోయింది. నన్ను అడగండి, నేను సాక్ష్యం. పొద్దున్నంతా తాడు దగ్గరే ఉన్నాను సార్. మా ఆవిడ దుప్పటి పరచనే లేదు. ఆ రోజు తాడు మీద బట్టలు ఆరేసింది నేను."

గర్వంగా అన్నాడా మాట. పెళ్ళాన్ని గట్టున పడేశానని సంతోషంగా అన్నాడు. ట్యాంకు మీద తెల్లగుడ్డ కొట్టుకుంటూనే ఉంది.

ఆయన చేతులు గాల్లోకి లేచాయి. తడి బట్ట అంచులు రెండు చేతులతో పట్టుకుని దులిపేటప్పుడు ఎలా లేస్తాయో అలా లేచి, అక్కడే ఆగిపోయాయి. మొహంలోని వెలుగు మెల్లగా పోయింది. భార్య ఉన్న వైపుకి తిరిగాడు.

"ఏమే," అన్నాడు, "ఆ బకెట్లో దుప్పటి ఏ రంగుది?"